మత్స్యగుండపు మహసీరు



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక చేప. ఆ చేపను దేవతగా కొలుచు ఒక మడుగు. ఆ మడుగునకు వెలుపల ఆ చేపకు గల అసలైన ఇల్లు.

తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తున పరచుకొనియున్న అరకు, పాడేరు మెట్టలు వాననీటిని రెండు దిక్కులకు పంచిపెట్టును. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొఱ్ఱా గుహల మీదుగా తూర్పునకు దిగి భీమునిపట్టణమువద్ద కడలిని చేరును. మాడుగుల కొండలలో పుట్టిన శారద అనకాపల్లి పొలములను తడిపి ఆ కడలిలోనే కలియును. అదే మాడుగుల కొండలలో పుట్టిన వేఱొక యేరు మాత్రము, సముద్రమునకు అంత చేరువలో జన్మించియు దానికి వీపు త్రిప్పి ఉత్తరమునకు సాగి, కొంతమేర ఆంధ్ర ఒడిశా రాష్ట్రములకు ఎల్లగా నిలిచి, డుడుమవద్ద అగాధమైన లోయలోనికి దుమికి, అటుపిమ్మట సీలేరను పేర దక్షిణమునకు మఱలి, శబరిలో కలిసి, ఆ శబరితో కూడ కూనవరమువద్ద గోదావరిలో లీనమగును. పటములలో దానిని మాచ్‌ఖండ్ అని వ్రాయుదురు. మన్యములోని జనులు మత్స్యగెడ్డ యందురు.

ఈ గెడ్డ పై భాగమున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలములో, మఠము అను గ్రామమునకు చేరువను మత్స్యగుండము కలదు. 1907లో ప్రకటితమైన విశాఖపట్టణము జిల్లా గెజిటీరులో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అను దొర ఈ తావును శ్రద్ధతో వర్ణించెను. 5,188 అడుగుల ఎత్తుగల ఎండ్రిక కొండ క్రింద, ఒక బండరాళ్ల వరుస యేటికి అడ్డముగా ఈ గట్టునుండి ఆ గట్టువఱకు నిలిచియుండుననియు, ప్రవాహము ఆ రాళ్లమ్రోల నొక పెద్ద బిలములో పడి అదృశ్యమై, దాదాపు నూఱు గజముల దిగువను మరల వెలుపలికి వచ్చుననియు, అట్లు వెలువడిన చోటనే ఏర్పడిన మడుగునందు చిన్నవియు పెద్దవియునగు మహసీరు చేపలు కిక్కిరిసియుండుననియు, వానిలో పెద్దవి మనుష్యుల చేతినుండియే ఆహారము గైకొనుచు, వీపు నిమిరినను బెదరక నిలుచుననియు ఆయన వ్రాసెను. ఆ నాడు అచట నొక పూరిపాకయే గుడి. పూజారి భగత కులస్థుడు. శివరాత్రికి ఉత్సవము జరుగును. చేపలకు మేత వేయుట ఆ పూజలోనే యొక భాగము. నేడు ఆ స్వామిని మత్స్యలింగేశ్వరుడని పిలుచుచున్నారు. శివరాత్రికి కొండజనము నేటికిని అచటికి తరలివచ్చుచునే యున్నారు.

చేప కనబడినచో వలయో గాలమో వెదకుట లోకసహజము. మడుగునిండ చేపలుండగా ఒక్కదానినైనను ముట్టరాదను కట్టుబాటు ఎట్లు నిలిచినది? దానికి ఫ్రాన్సిస్ ఒక కథ చెప్పెను. ఎద్దులపై సరకులు వేసికొని కొండలలో వర్తకము సాగించు బంజారా యొకడు ఆ మడుగులోని చేపను పట్టి కూర వండుకొనెనట. అంతట మీనరాజు వానిని శపింపగా, వాడును, వాని ఎద్దులును రాళ్లైపోయిరట. ఆ రాళ్లు అదే చోట నున్నవని చూపుచుండిరట. కథ కల్పితమే కావచ్చును. కాని పోలీసులేని చోట, అడవి బంగళాలు లేని రోజులలో, ఒక జలాశయమును తరతరములుగా కాపాడిన శాసనము అదియే. శాసనమునకు ఫలము ప్రధానముగాని, అది వ్రాయబడినది తాళపత్రముపైననా, శిలపైననా, జనుల భయముపైననా యన్నది ప్రధానము కాదు.

ఇందులో గమనింపదగిన విశేషము మఱియొకటి కలదు. 1909లో వెలువడిన తన దక్షిణ భారత కులములు, తెగల గ్రంథములో ఎడ్గార్ థర్‌స్టన్ భగతలను గూర్చి వ్రాయుచు, వారు మంచినీటి చేపలను పట్టుటయందు, పొడుగాటి బల్లెముతో పొడిచి పట్టుటయందు మిక్కిలి నేర్పరులని పేర్కొనెను. అనగా ఈ మడుగులోని చేపకు పూజారియైనవాడు చేపను ఎఱుగని వైష్ణవుడు కాడు. చేప కదలికను, దాని వేళలను, దాని దాపులను చేతి అనుభవముతో ఎఱిగిన వేటగాండ్ర కులమువాడే. వేట తెలిసినవానికే వేట ఎక్కడ నిలుపవలెనో తెలియును. ఏటి పొడవునను చేపలు పట్టుకొని బ్రదుకు జనము, ఒక్క మడుగును మాత్రము విడిచిపెట్టుట మూఢత్వమని త్రోసివేయువారు, ఆ విడిచిపెట్టుటవలన మిగిలిన యేటికి కలిగిన మేలును లెక్కింపవలసియున్నది. వేసవిలో గెడ్డ చిక్కిపోయి, నీరు గుంటలు గుంటలుగా నిలిచినప్పుడు, పెద్దచేపలన్నియు లోతైన మడుగులను ఆశ్రయించును. అప్పుడు వానిని పట్టుట పిల్లవానికైనను సులభము. అట్టి తరుణమున ఒక్క మడుగైనను నిషిద్ధమై యున్నచో, రాబోవు వానకాలమున గెడ్డను నింపుటకు తల్లిచేపలు మిగులును.

మడుగుపై ఈ గౌరవము కొండవారిది మాత్రమే కాదు; ఏలికలును దానిని పంచుకొనిరి. మాడుగుల జమీందారులు తాము మత్స్యదేశపు రాజుల సంతతివారమని చెప్పుకొని, చేప ఆకృతిగల రాతిగద్దెపై పట్టాభిషిక్తులై, తమ జెండాపై చేపను నిలిపి, చేవ్రాలునకు బదులు చేప బొమ్మను గీయుచుండిరి. ఈ చెప్పుకొనుటకు వెనుక చరిత్ర లేకపోలేదు. శకవర్షము 1191, అనగా క్రీస్తుశకము 1269 నాటి దిబ్బిడ అగ్రహారపు తామ్రశాసనము ఒడ్డవాది నేలిన మత్స్యవంశీయుడగు అర్జునునిది. ఆ వంశమునకు మూలపురుషుడు సత్యమార్తాండుడనియు, ఆతడు మత్స్యనదిలో మీనగర్భమున జన్మించెననియు, ఉత్కళాధీశుడగు జయత్సేనుడు తన కూతురు ప్రభావతిని ఆతనికిచ్చి, ఒడ్డవాది రాజ్యమును కట్టబెట్టెననియు ఆ శాసనము చెప్పుచున్నది. ఏడువందల యేండ్లకు పూర్వమే ఈ యేటి చేప ఒక రాజవంశమునకు తల్లియై కూర్చున్నది. నేటికిని మన్యములో మత్స్యరాస యను ఇంటిపేరుగలవారు కలరు. సూర్యుని పేర కొర్రా, పులి పేర కిల్లో, గ్రద్ద పేర పాంగి, పాము పేర వంతల యని ఇంటిపేర్లు గల ఈ కొండలలో, మనుష్యునకును మృగమునకును చుట్టరికము కలుపుట జనుల స్వభావమే.

పురాణమును ఇంతటితో చాలించి చేపను చూతము. మహసీరు శీలావతి, బొచ్చెల కుటుంబమునకు చెందినదే. గంగానది చేపలపై 1822లో గ్రంథము రచించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ ఉత్తరదేశపు రెండు మహసీరు జాతులను మొదట శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. 1839లో కర్నలు సైక్స్ దక్కను మహసీరును వర్ణించెను. వీని ప్రజాతిని నేడు టోర్ అందురు. దీని దేహము పొడవైనది. పొలుసులు ఎంతయో పెద్దవి. ఎండ పడినప్పుడు అవి బంగారు రేకులవలె మెఱయును. పెదవులు దళసరివి, మూతికి రెండు జతల మీసములు. దవడలలో పండ్లు లేవు. కాని కంఠమున గట్టి పండ్లున్నవి. వానితో అది నత్తగుల్లలను, పీతలను నలిపివేయును. ఒడ్డునుండి రాలిన పండ్లను మ్రింగును. రాళ్లనంటిన నాచును, నీటి పురుగులను తినును. ఇట్లు అన్నియు తినునది గనుకనే భక్తులు వేయు పేలాలకును, బియ్యమునకును అది త్వరలో మాలిమి యగును. దక్షిణదేశమున ఇది ఎంత పెరుగగలదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును: 1946లో మైసూరు ప్రాంతమున కావేరి ఉపనదియగు కబినిలో గాలమునకు చిక్కిన మహసీరు 120 పౌనులు తూగెను.

ఇంత పెద్ద చేపకు ఇష్టమైనది లోతైన చెఱువుగాని, బురద నీరుగాని కాదు. చల్లగా, తేటగా, వేగముగా పాఱుచు, రాళ్లపై పడి చెదరి గాలిని పుష్కలముగా కలుపుకొనిన నీరే దానికి ప్రాణము. అడుగున గులకరాళ్లు, నడుమ బండలు, బండల మఱుగున లోతైన మడుగులు, ఒడ్డున చెట్ల నీడ, ఇవియన్నియు కూడిన కొండయేరే దాని నివాసము. శీతకాలమున మంచు క్రమ్ముకొనునట్టి మన మన్యపు గెడ్డలు ఇందులకు తగినవి.

అయితే మడుగు దానికి విడిది మాత్రమే. వానకాలము వచ్చి గెడ్డలు పొంగగనే, తల్లిచేపలు లోతును విడిచి, ప్రవాహమునకు ఎదురీది, చిన్న చిన్న ఉపనదులలోనికి ఎగబ్రాకును. అచట లోతులేని, గులకరాళ్లుగల చోట గుడ్లు పెట్టును. శీలావతివలె ఒక్కసారిగా లక్షలకొలది గుడ్లు రాల్చుట దీనికి లేదు. గుడ్లు తక్కువ, అవియును విడతలు విడతలుగా. గుడ్డు పసుపువన్నె గలది, నీటికన్న బరువైనది, గులకరాళ్ల సందులలోనికి దిగి, మూడు నాలుగు దినములకు పొదుగబడును. పుట్టిన పిల్లకు ఈదుటకు శక్తి చాలక, కొన్ని దినములపాటు రాళ్ల సందున తల దూర్చి, తోక ఆడించుచు అడుగుననే పడియుండును. ఆ కొద్ది దినములలో పైనుండి ఒండ్రు దిగి రాళ్ల సందులు మూసుకొనిపోయినచో, ఆ యేటి సంతానమంతయు ఊపిరాడక నశించును. కావున మహసీరు ఉనికి మడుగు లోతుపై కంటె ఎగువనున్న గులకరాళ్ల శుభ్రతపై నెక్కువగా ఆధారపడియున్నది. నేటి నా ప్రసంగసారము ఇదియే. మన పూర్వుల భక్తి తల్లిచేపను కాపాడెను. ఉయ్యాలను కాపాడవలసిన పని మనకు మిగిలియున్నది.

ఇచట భూమి అమరికయు మనలను హెచ్చరించుచున్నది. మత్స్యగెడ్డ డుడుమవద్ద ఐదువందల అడుగులకు మించిన ఎత్తునుండి దూకుచున్నది. మహసీరు ఎంత బలశాలియైనను ఆ ప్రపాతమును ఎక్కజాలదు. అనగా దిగువ సీలేరులోను, శబరిలోను, గోదావరిలోను ఎన్ని చేపలున్నను, ఎగువనున్న మత్స్యగెడ్డకు ఒక్క చేపయైనను తనంతట తాను రాలేదు. పై గెడ్డలలోని చేపలు తమలో తామే పుట్టి, తమలో తామే పెరిగి, తమ కొండలోనే కాలము గడుపవలసినవి. ఆ ప్రపాతపు శక్తినే ఆధారముగా గొని కట్టిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమును 1955 ఆగష్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి; ఎగువను జోలాపుట్టువద్ద ఆనకట్టయు వెలసినది. ఆ విద్యుత్తు ఆంధ్రోత్కళములకు చేసిన ఉపకారము గొప్పది. కాని ప్రవహించు యేటిలో కొంతభాగము నిలిచిన నీరైనప్పుడు, ప్రవాహమునే కోరు చేపకు మిగిలిన గెడ్డలు మఱింత విలువైనవి యగును.

చేపలను మడుగులలో పూజించు ఆచారము మన మన్యమునకే పరిమితము కాదు. శృంగేరిలో తుంగానదీ సోపానములవద్ద మహసీరులు భక్తులు వేయు మేతకు గుమిగూడును. ఒడిశాలో సంబలుపురము చేరువ హుమా గ్రామమునందలి ఒరిగిన గుడి ముంగిట, మహానదిలోని చేపలను కుడో యను పేర పూజించి, పట్టరాదని నియమము పెట్టుకొనిరి. కాని కన్నడదేశమునందలి శిశిలయను క్షేత్రమున, ఇట్లే కాపాడబడుచు వచ్చిన చేపలను ఎవరో విషము కలిపి వేలకొలదిగా చంపివేసిరి. ఒక్క మడుగులో ఉన్నదంతయు పోగుపడినప్పుడు, ఒక్క రాత్రి పాపముచేత ఉన్నదంతయు పోగలదని ఆ సంఘటనము చాటుచున్నది.

విషము సంగతి మన కొండలకును క్రొత్తది కాదు. మంగకాయలను దంచి, కాకమారి గింజలను నూఱి నీటిలో కలిపి, మత్తెక్కి తేలిన చేపలను ఏఱుకొనుట పూర్వపు పద్ధతి. అది ఊరంతయు కలిసి, ఏదో యొక చిన్న గుంటలో, ఏడాదికొకసారి చేసిన నాడు గెడ్డ దానిని భరించెను. నేడు సంతలో దొరకు పురుగుమందు డబ్బా ఒకటి, రాళ్లు పేల్చు మందుగుండు ఒకటి, మైళ్లకొలది గెడ్డను నిర్జీవము చేయగలవు. పెద్దచేపతోబాటు గుడ్డును, పిల్లను, చేప తిను పురుగును కూడ అవి చంపును. ఇట్టి వినాశమును ఎంతో ముందుగనే గ్రహించినవాడు హెచ్. ఎస్. థామస్ అను మద్రాసు సివిలు ఉద్యోగి. మంగళూరులో కలెక్టరుగా నుండి, మహసీరును వలచి, 1873లో గాలపు వేటపై గ్రంథము వ్రాసిన ఆయన, పిల్లచేపల సంహారమును నిలుపనిదే నదులు బ్రదుకవని పదేపదే విన్నవించెను. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టము నీటిలో మందుగుండు పేల్చుటను, విషము కలుపుటను నేరములుగా ప్రకటించెను. చట్టమున్నది, దానిని గెడ్డ ఒడ్డునకు తెచ్చువారు కావలెను.

ఒండ్రు సంగతి ఇంతకన్న సూక్ష్మమైనది. కొండవాలున చెట్లు నరికి దున్నిన నేలనుండి, త్రవ్విన రోడ్డు అంచునుండి, రాతి గనినుండి వానకు కొట్టుకొనివచ్చు ఎఱ్ఱమట్టి గులకరాళ్ల సందులను పూడ్చును. దీనికి మందు మన మన్యమునందే యున్నది. అరకు, పాడేరు కొండలలో నీడచెట్ల క్రింద పెంచుచున్న కాఫీతోటలు నేలను పట్టి నిలుపును. వాన తాకిడిని ఆపును. అయితే అవే తోటలనుండి వచ్చు పండ్లను కడిగి తొక్క తీసిన పులిసిన నీరు, ఏరు సన్నగిల్లిన శీతకాలమున గెడ్డలో కలిసినచో, నీటిలోని ప్రాణవాయువును హరించును. ఒక గుంట త్రవ్వి ఆ నీటిని ఇంకించినయెడల, రైతునకు నష్టము లేదు. చేపకు గండము తప్పును.

ఇక చేపలు తగ్గినచో పెంచి వదలవచ్చును గదా యని కొందఱు అడుగుదురు. మహసీరు కృత్రిమోత్పత్తి సాధ్యమే. మహారాష్ట్రమున లోనావ్లాలో టాటా విద్యుత్ సంస్థ మహసీరు పిల్లలను పెంచి అనేక నదులకు పంపినది. ఆ కార్యము సదుద్దేశముతోనే మొదలైనది. కాని కావేరిలో ఏమి జరిగినది? బయటనుండి తెచ్చి విడిచిన నీలిరెక్కల మహసీరు విస్తరింపగా, కావేరికే సొంతమైన మూపురపు మహసీరు క్షీణించినదని పరిశోధకులు గుర్తించిరి. అది నేడు ప్రపంచములో మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న జీవుల జాబితాకెక్కినది. ప్రపాతముచేత వేఱుపడి తన దారిని తాను బ్రదుకుచున్న మత్స్యగెడ్డ చేపకు ఈ పాఠము మఱింతగా వర్తించును. పరాయి నది పిల్లలను తెచ్చి ఈ గెడ్డలో కలుపుట మేలు కాదు.

కాబట్టి నేను కోరునది పెద్ద పథకము కాదు. మత్స్యగుండమున అమలునందున్న కట్టుబాటును ఆ మడుగునకు ఎగువను, దిగువను గల గెడ్డలకు పొడిగింపుడు. గులకరాళ్లుగల పాయలు ఎక్కడెక్కడ ఉన్నవో, వానకాలమున చేపలు ఏ పాయలలోనికి ఎక్కునో, మఠము చుట్టుపట్ల గ్రామములలోని పెద్దలకు తెలియని సంగతి కాదు. షెడ్యూల్డు ప్రాంతములలోని గ్రామసభలకు తమ సమష్టి వనరులను కాపాడుకొను అధికారమును 1996 నాటి పీసా చట్టము గుర్తించియున్నది. ఆ సభలు కూడి, తొలకరినుండి వానలు వెలిసినదాక ఆ పాయలలో వల వేయరాదని, ఏ కాలమునందైనను విషముగాని మందుగుండుగాని ముట్టరాదని తీర్మానించినచో, ఏ ఆఫీసు చేయలేని పని వారు చేసినవారగుదురు. మత్స్యశాఖవారు ఆ తీర్మానములకు అండగా నిలువవలెను. విశ్వవిద్యాలయములలోని యువ పరిశోధకులు కొండవారి తెలివిని గౌరవించి, వారిని తోడు తీసికొని ఆ చేపను అధ్యయనము చేయవలెను.

అరకు అందములు చూడవచ్చు యాత్రికులకు చివరిమాట. మత్స్యగుండమునకు పోయినవారు గుప్పెడు పేలాలు వేసి దండము పెట్టుడు. కాని ఆ పేలాలు తెచ్చిన ప్లాస్టికు సంచిని గెడ్డలో పాఱవేయక మీతో వెనుకకు తీసికొనిపోవుడు. తల స్నానపు సబ్బును, బట్టలుతుకు సోడాను ఆ నీటికి దూరముగా నుంచుడు. చేపకు మ్రొక్కుటయనగా చేప బ్రదుకు నీటికి మ్రొక్కుటయే యని మీ పిల్లలకు నేర్పుడు.